స్టేసీ అబ్రమ్స్: ఒకే ప్రత్యర్థి, రెండు వేర్వేరు ఓటములు

మీరు అడిగింది ఇదీ: స్టేసీ అబ్రమ్స్ యేల్‌లో చదివిన లాయర్, పదేళ్లకు పైగా జార్జియా అసెంబ్లీలో పనిచేసిన మనిషి, అమెరికా అంతటా పేరున్న డెమోక్రాట్ నాయకురాలు. అలాంటావిడ 2018లోనూ 2022లోనూ గవర్నర్ పదవికి పోటీ చేసి రెండుసార్లూ రిపబ్లికన్ బ్రయాన్ కెంప్ చేతిలోనే ఎందుకు ఓడిపోయారు? మొదటిసారి నిజంగా అన్యాయం జరిగిందా? ఇందులో మన తెలుగువాళ్ల ఓట్లకు ఏమైనా లెక్క ఉందా?

నేను అట్లాంటా శివార్లలో, గ్విన్నెట్ కౌంటీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. రెండు ఎన్నికల్లోనూ అబ్రమ్స్ తరఫున వాలంటీరుగా ఇల్లిల్లూ తిరిగాను. కాబట్టి నాకు ఏ పక్షమూ లేదని బుకాయించను. అయినా అంకెలు నా మొహం చూసి మారవు కదా. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఆ రెండు ఓటములకూ కారణాలు వేరు. 2018లో ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. అక్కడ రూల్సూ, యంత్రాంగమూ, కూడికలూ అన్నీ కలిసి అడ్డుపడ్డాయి. 2022లో ఓటర్లు తెలిసే, కావాలనే కెంప్‌కు వేశారు. రెండింటినీ ఒకే గాటన కట్టి "మోసం" అనేవాళ్లతోనూ, "ఆవిడకు అంత సీన్ లేదు" అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

ఇండియా నుంచి చూసేవాళ్ల కోసం ముందు ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర గవర్నర్‌ని ఢిల్లీ నియమిస్తుంది, ముఖ్యమంత్రిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. రాష్ట్రం మొత్తం కలిసి ఒక్క మనిషికి ఓటేసే సందర్భం మనకు లేనే లేదు. ఇక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, చివరికి వ్యవసాయ కమిషనర్, స్కూల్ సూపరింటెండెంట్ కూడా రాష్ట్రమంతటి ఓట్లతో విడివిడిగా గెలవాలి. జార్జియా దిగువ సభలో 180 సీట్లున్నాయి. 2010 జనాభా లెక్క ప్రకారం ఒక్కో సీటుకి సుమారు 54 వేల మంది జనం. మన ఎమ్మెల్యే నియోజకవర్గంతో పోలిస్తే అది చాలా చిన్నది. అబ్రమ్స్ గెలుస్తూ వచ్చిన సీటు అట్లాంటా తూర్పు వైపు, డెమోక్రాట్ల కంచుకోట. అక్కడ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే లోపలి ఎన్నిక, గెలిస్తే సగం కాదు, మొత్తం పని అయిపోయినట్టే. అలాంటి సీటు నుంచి 159 కౌంటీల రాష్ట్రానికి దూకడం అంటే నియోజకవర్గం పెద్దదవడం మాత్రమే కాదు, మీ మాటతో ఏకీభవించని లక్షలమంది ముందు నిలబడటం.

లాయర్లు ఎందుకు ఇంతమంది ఈ దారిలో కనబడతారని కూడా కొందరు అడుగుతుంటారు. జార్జియా అసెంబ్లీ ఏడాదికి 40 పని దినాలే కూర్చుంటుంది. ఇచ్చే జీతంతో ఇల్లు గడవదు. కాబట్టి తమ టైము తమ చేతిలో ఉన్నవాళ్లే, అంటే లాయర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, భూములున్నవాళ్లు ఎక్కువగా వస్తారు. అబ్రమ్స్‌కి ముందు డెమోక్రాట్ల తరఫున గవర్నర్ పోటీలో నిలబడ్డ రాయ్ బార్న్స్, జేసన్ కార్టర్ ఇద్దరూ లాయర్లే, ఇద్దరూ అసెంబ్లీ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను ఓడించిన రిపబ్లికన్ నేథన్ డీల్ కూడా లాయరే. బార్న్స్ 1998లో గెలిచారు, 2002లో ఓడిపోయారు, 2010లో మళ్లీ వచ్చి మళ్లీ ఓడారు. ఆ 1998 తర్వాత అబ్రమ్స్ పోటీ చేసేదాకా డెమోక్రాట్లు ఒక్కసారి కూడా గవర్నర్ పదవి గెలవలేదు. ఈ నేపథ్యం గుర్తుంచుకుంటేనే 2018 సంగతి అర్థమవుతుంది.

ఆవిడ గురించి క్లుప్తంగా. 1973లో పుట్టారు, మిసిసిపీలోని గల్ఫ్‌పోర్ట్‌లో పెరిగారు. తల్లిదండ్రులు ఎమరీ యూనివర్సిటీలో చదువుకోడానికి అట్లాంటా వచ్చి మెథడిస్ట్ పాస్టర్లయ్యారు. ఈవిడ స్పెల్‌మన్ కాలేజీలో డిగ్రీ, ఆస్టిన్‌లో పబ్లిక్ పాలసీ, 1999లో యేల్ లా. తర్వాత ట్యాక్స్ లాయర్. ఇరవై తొమ్మిదేళ్లకే అట్లాంటా నగర డిప్యూటీ అటార్నీ. 2006లో అసెంబ్లీకి ఎన్నికై, 2011 నుంచి 2017 దాకా సభలో ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్నారు. మధ్యలో కలం పేరుతో రొమాన్స్ నవలలు కూడా రాశారు. ఈ సంగతి తెలిసి మా ఆవిడ మొదటిసారి రాజకీయాల మీద ఆసక్తి చూపించింది.

సభలో ఆవిడ పేరు తెచ్చుకున్నది ప్రసంగాలతో కాదు, కాగితాలతో. 2011లో రిపబ్లికన్లు ఒక పన్ను సవరణ బిల్లు తెచ్చారు. ఆదాయప్పన్ను తగ్గిస్తాం, వేరే పన్నులు పెంచుతాం అన్నది దాని సారం. ఈవిడ కూర్చుని లెక్కలు కట్టి, ఎక్కువమంది జనానికి చివరికి పన్ను పెరుగుతుందని తేల్చి, ఆ విశ్లేషణను సభ్యుల డెస్కుల మీద ఒక్కొక్కటీ పెట్టించారు. బిల్లు ఆగిపోయింది. ఇది అచ్చంగా ట్యాక్స్ లాయర్ చేసే పని. ఎదుటిపక్షం వాళ్ల చేత కూడా "ఈవిడ చదివి వస్తుంది" అనిపించుకున్నారు.

అదే ఏడాది అదే సభలో చేసిన ఇంకో పని ఆవిడకు తర్వాత గుదిబండ అయింది. జార్జియాలో పిల్లలున్న తెలుగువాళ్లందరికీ హోప్ స్కాలర్‌షిప్ తెలుసు, లాటరీ డబ్బుతో నడిచేది. నిధులు సరిపోవడం లేదని గవర్నర్ డీల్ దాన్ని కుదించారు. పూర్తి ట్యూషన్ కావాలంటే ఎక్కువ జీపీఏ (మార్కుల సగటు) ఉండాలన్నారు. ఎలాగూ మెజారిటీ వాళ్లది, అడ్డుకోలేం, కనీసం కొన్ని మినహాయింపులైనా రాబడదాం అని అబ్రమ్స్ చర్చలకు కూర్చున్నారు. ప్రీ-కే (చిన్నపిల్లల ప్రీస్కూలు) వంటి వాటిలో కొంత సాధించారు కూడా. కానీ ఆ బిల్లు ప్రకటించేటప్పుడు గవర్నర్ పక్కన నిలబడ్డారు. 2018 ప్రైమరీలో ఎదురు నిలబడ్డ స్టేసీ ఎవన్స్ (ఆవిడా లాయరే, ఆవిడా అసెంబ్లీ సభ్యురాలే, పేరు కూడా అదే) ఈ ఒక్క విషయం మీదే ప్రచారమంతా నడిపారు. అబ్రమ్స్ 76 శాతం ఓట్లతో ప్రైమరీ గెలిచారు, దాడి పారలేదు. అయినా పాఠం పాఠమే: సభలో రాజీ అనేది పనితనం, రాష్ట్రస్థాయి ప్రచారంలో అదే వీడియో క్లిప్పు. అసెంబ్లీ నుంచి పైకి వెళ్లాలనుకునే ప్రతివాళ్లకీ ఈ చిక్కు ఉంటుంది.

ఇక 2018 వ్యూహం. అంతకు ముందు జార్జియా డెమోక్రాట్ల సూత్రం ఒకటే: మధ్యేమార్గపు అభ్యర్థిని పెట్టు, పల్లెల్లోని తెల్లజాతి ఓటర్లలో కొందరినైనా వెనక్కి తెచ్చుకో. 2014లో జిమ్మీ కార్టర్ మనవడు జేసన్ కార్టర్ ఆ సూత్రంతోనే నిలబడి ఎనిమిది శాతం తేడాతో ఓడారు. అబ్రమ్స్ వాదన వేరు. పోయినవాళ్ల వెంట పడే డబ్బులో కొంత అసలు ఓటరు లిస్టులోనే లేనివాళ్ల మీద పెట్టండి అన్నారు. నల్లజాతి, లాటినో, ఆసియన్ జనంలో ఓటు హక్కు ఉండీ నమోదు కానివాళ్లు సుమారు 8 లక్షల మంది ఉన్నారని లెక్క చూపి, ఆ పని కోసం న్యూ జార్జియా ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టారు. 2014లో ఆ సంస్థ 86 వేలకు పైగా ఫారాలు సమర్పించింది. వాటిలో వేలకొద్దీ లిస్టులోకి ఎక్కలేదని కోర్టుకెళ్లింది. ఫారాల్లో నకిలీవి ఉన్నాయని ఎదురు విచారణ మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? రాష్ట్రంలో ఎన్నికలు నడిపే అధికారి, అప్పటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రయాన్ కెంప్. అంటే ఈ ఇద్దరి పోరు 2018లో మొదలైంది కాదు, నాలుగేళ్ల పాత కక్ష.

వ్యూహం పనిచేసిందా అంటే పనిచేసింది, సందేహం లేదు. 2014లో జేసన్ కార్టర్‌కు వచ్చిన ఓట్లు 11 లక్షల 45 వేలు. 2018లో అబ్రమ్స్‌కి 19,23,685. గవర్నర్ ఎన్నికలో పోలైన మొత్తం ఓట్లు 25 లక్షల నుంచి 39 లక్షలకు పెరిగాయి. ఘనతంతా ఆవిడదే అని మాత్రం నేననను. 2016 నుంచి డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడే ఓటరుగా నమోదు చేసే పద్ధతి వచ్చింది, దానితో లిస్టు బాగా పెరిగింది. ట్రంప్ మీద కోపం, ట్రంప్ మీద అభిమానం రెండూ జనాన్ని పోలింగ్ బూత్‌ల దాకా తెచ్చాయి. శివారు కౌంటీలు కూడా మారిపోతున్నాయి. మా గ్విన్నెట్ ఒకప్పుడు రిపబ్లికన్ల కోట. 2016లో హిల్లరీ వైపు తిరిగింది, 2018లో అబ్రమ్స్‌కి ఇంకా ఎక్కువ మెజారిటీ ఇచ్చింది. గాలి అనుకూలంగా ఉంది, తెరచాప ఎత్తిన మనిషి ఆవిడ.

అయినా కెంప్‌కు 19,78,408 వచ్చాయి. తేడా 54,723.

ఇక్కడే మీ రెండో ప్రశ్న వస్తుంది, అన్యాయం జరిగిందా అని. ముందు అందరూ ఒప్పుకోవాల్సిన విషయం: కెంప్ అభ్యర్థిగా ఉంటూనే ఎన్నికలు నిర్వహించే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా కొనసాగారు. మన దగ్గర ఎన్నికల కమిషన్ ఉంటుంది, దాన్ని ఎన్ని తిట్టుకున్నా కమిషనరే స్వయంగా ముఖ్యమంత్రి అభ్యర్థిగా నిలబడటం ఊహించలేం. ఇక్కడ చట్టం దాన్ని ఆపలేదు. పదవి వదిలెయ్యమని మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్టోబరులో ఉత్తరం రాశారు. కెంప్ వినలేదు. పోలింగ్ అయిన రెండు రోజులకు, నవంబరు 8న, గెలిచానని చెప్పుకుని అప్పుడు రాజీనామా చేశారు.

తర్వాత "ఎగ్జాక్ట్ మ్యాచ్" గొడవ. ఓటరు ఫారంలో రాసిన పేరు, వివరాలు డ్రైవింగ్ లైసెన్స్ రికార్డుతోనో సోషల్ సెక్యూరిటీ రికార్డుతోనో అచ్చుగుద్దినట్టు కలవాలి. ఒక హైఫన్ తేడా ఉన్నా దరఖాస్తు పెండింగ్‌లో పడుతుంది. ఎన్నికల ముందు అలా 53 వేల దరఖాస్తులు ఆగి ఉన్నాయని, వాటిలో 70 శాతం దాకా నల్లజాతి వాళ్లవని వార్తలొచ్చాయి. ఇది మనకు బాగా తగిలే విషయం. మన పేర్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, లైసెన్సులో వెనక. "వెంకట సుబ్బారావు" ఒకచోట రెండు ముక్కలు, ఇంకోచోట మూడు, మరోచోట అంతా కలిపి. చోటు చాలక చివరి అక్షరాలు తెగిపోయిన కార్డులు ఎన్ని చూడలేదు! పైగా కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ల లైసెన్సు పాత గ్రీన్‌కార్డు రోజులదైతే, కంప్యూటర్ వాళ్లను "పౌరులు కాదు" అని పక్కన పెట్టేసేది. అలా ఆగిపోయిన సుమారు 3 వేల మంది పోలింగ్ బూతులోనే పౌరసత్వ పత్రం చూపించి ఓటేయవచ్చని ఫెడరల్ జడ్జి పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు ఆదేశించాల్సి వచ్చింది.

కెంప్ వైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజమే అవుతుంది. పెండింగ్‌లో ఉన్నవాళ్లు ఫొటో ఐడీ చూపిస్తే ఓటేయవచ్చని చట్టంలోనే ఉంది. కాబట్టి "53 వేల ఓట్లు మాయం చేశారు" అనడం సరికాదు. ఎంతమంది "నా పేరు లేదట" అనుకుని ఇంట్లోనే ఉండిపోయారన్నది ఎవరూ కొలవలేని లెక్క. నేను తలుపు తట్టిన ఇళ్లలో అలాంటి అయోమయం కనబడింది, కానీ నాకు కనబడినదాన్ని రాష్ట్రానికంతటికీ గుణించి చెప్పను.

పోలింగ్ రోజు మా కౌంటీలోనే స్నెల్‌విల్‌లో ఒక ఎలిమెంటరీ స్కూలు బూతు దేశవ్యాప్తంగా వార్తల్లోకెక్కింది. ఓటింగ్ యంత్రాలు వచ్చాయి, వాటి పవర్ కార్డులు రాలేదు! బ్యాటరీల మీద కాసేపు నడిచి ఆగిపోయాయి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లేలోపు ఓటేద్దామని వచ్చినవాళ్లు గంటలకొద్దీ నిలబడ్డారు, కొందరు వెళ్లిపోయారు. దీన్ని కుట్ర అనడానికి నా దగ్గర ఆధారం లేదు. చేతకానితనం అనిపిస్తుంది. కానీ ఓటరుకు ఆ తేడాతో పనేముంది? డ్యూటీకి టైమైపోయిన నర్సుకు రెండూ ఒకటే.

ఇప్పుడు చాలామంది వదిలేసే కూడిక చేద్దాం. జార్జియాలో గెలవాలంటే పోలైన ఓట్లలో సగానికి పైన రావాలి, లేకపోతే మొదటి ఇద్దరి మధ్య రనాఫ్. మూడో అభ్యర్థిగా లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ ఆయనకు 37 వేల ఓట్లు పడ్డాయి. కెంప్‌కు వచ్చింది 50.2 శాతం, అంటే సగం గీత కంటే 8,700 పైచిలుకు మాత్రమే ఎక్కువ. కెంప్ ఓట్లు కదలకుండా అబ్రమ్స్ ఖాతాలో ఇంకో 17,500 చేరి ఉంటే రనాఫ్ వచ్చేది. అందుకే ఆవిడ బృందం పది రోజుల పాటు పోస్టల్ ఓట్ల కోసం, సంతకం కలవలేదని పక్కన పెట్టిన వాటి కోసం కోర్టుల చుట్టూ తిరిగింది. వాళ్లు వెతికింది 54 వేల ఓట్లను కాదు, ఆ 17 వేలను. అవి ఎక్కడా దొరకలేదు. పైగా రనాఫ్ వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. అదే ఏడాది డిసెంబరులో సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవికి జరిగిన రనాఫ్‌లో డెమోక్రాట్ జాన్ బారో ఓడిపోయారు. కాబట్టి నా లెక్కలో, ఆట మైదానం వంగి ఉన్నది నిజం, ఆ వంపు వల్లే ఓడిపోయారని నిరూపణ కాలేదన్నదీ నిజమే.

నవంబరు 16న ఆవిడ చేసిన ప్రసంగం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే 2022 అక్కడే మొదలైంది. కెంప్‌ను గవర్నర్‌గా ధ్రువీకరిస్తారు, దాన్ని గుర్తిస్తున్నాను, ఇక పోటీలో లేను, కానీ ఇది ఓటమిని అంగీకరించే ప్రసంగం కాదు అన్నారు. లాయర్ చెవికి ఇది ఎంత పకడ్బందీ మాటో చూడండి. ఫలితాన్ని చట్టప్రకారం ఒప్పుకుంటున్నారు, ప్రక్రియను మాత్రం ఒప్పుకోవడం లేదు. కోర్టులో ఇలాంటి మాట చెల్లుతుంది. టీవీలో మిగిలింది "ఒప్పుకోను" అన్న ముక్క ఒక్కటే. రెండేళ్ల తర్వాత ట్రంప్ 2020 ఫలితాన్ని ఒప్పుకోనన్నప్పుడు, రిపబ్లికన్లు ఆ పాత ముక్కనే తీసి "మీ అబ్రమ్స్ చేసిందేమిటి?" అని అడిగారు. రెండూ ఒకటి కావని నేను ఎన్ని ఇళ్ల గుమ్మాల్లో వివరించి ఉంటానో. వివరించాల్సి వచ్చిందంటేనే అక్కడ నష్టం జరిగిపోయినట్టు.

ప్రసంగం తర్వాత ఆవిడ ఫెయిర్ ఫైట్ అనే సంస్థ పెట్టి ఎన్నికల పద్ధతుల మీద ఫెడరల్ కోర్టులో దావా వేశారు. దానికి దేశం నలుమూలల నుంచీ విరాళాలొచ్చాయి. 2020లో బైడెన్ జార్జియాను 11,779 ఓట్లతో గెలిచినప్పుడు, 2021 జనవరిలో డెమోక్రాట్లు వార్నాక్, ఆసాఫ్ సెనేట్ రనాఫ్‌లు గెలిచినప్పుడు అందరూ పొగిడింది అబ్రమ్స్‌నే. ఈలోగా ఒత్తిడికి కొన్ని రూల్స్ కూడా మారాయి. 2019 చట్టంతో పేరు కలవని దరఖాస్తును పెండింగ్‌లో పడేయకుండా నమోదు చేసి, ఓటేసేటప్పుడు ఐడీ అడగడం మొదలైంది. కాగితం బ్యాలెట్ ప్రింటయ్యే యంత్రాలు వచ్చాయి. దావా మాత్రం ఓడిపోయింది. ఒబామా నియమించిన జడ్జి స్టీవ్ జోన్స్, చాలా రోజుల విచారణ తర్వాత, మిగిలిన అభియోగాలన్నిటినీ 2022 సెప్టెంబరు 30న కొట్టేశారు. పోలింగ్‌కు అప్పటికి అయిదు వారాల పైచిలుకే ఉంది. ప్రచారం చేసుకునే మనిషికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఉంటుందా?

2022కి వచ్చేసరికి ఆటగాళ్లు ఆ ఇద్దరే గానీ ఆట మారిపోయింది. 2018లో కెంప్ అంటే ప్రకటనల్లో షాట్‌గన్ పట్టుకుని, నా ట్రక్కులో అక్రమ వలసదారుల్ని ఎక్కించుకుపోతానన్న మనిషి. 2022లో ఆయన సిట్టింగ్ గవర్నర్. 2020 ఫలితం మార్చమని ట్రంప్ అడిగితే కుదరదన్నారు. కోపంతో ట్రంప్ ప్రైమరీలో మాజీ సెనేటర్ డేవిడ్ పర్‌డ్యూను ఎదురు నిలబెడితే, కెంప్ 73 శాతానికి పైగా ఓట్లతో చిత్తు చేశారు. ట్రంప్ నచ్చని శివారు రిపబ్లికన్‌కు, ఇటూ అటూ ఊగే ఓటరుకు కెంప్‌కు వేయడానికి మొహమాటం పోయింది. ఆ పైన అధికారం చేతిలో ఉంది: పెట్రోలు ధర మండుతుంటే మార్చి నుంచి రాష్ట్ర గ్యాస్ ట్యాక్స్ ఎత్తేశారు, పన్ను కట్టినవాళ్లకు 250, 500 డాలర్ల చొప్పున రిఫండ్ పంపారు, హ్యుందాయ్, రివియన్ ఫ్యాక్టరీలు తెచ్చామని చెప్పుకున్నారు. 2021లో ఆయన సంతకం చేసిన ఎన్నికల చట్టం మీద దేశమంతా గొడవైంది, బేస్‌బాల్ ఆల్‌స్టార్ మ్యాచ్ అట్లాంటా నుంచి డెన్వర్‌కు వెళ్లిపోయింది. ఆ మ్యాచ్ పోయినందుకు నిందను కూడా కెంప్ అబ్రమ్స్ మీదికే నెట్టగలిగారు. అబ్రమ్స్ బహిష్కరణలు వద్దనే అన్నారు, కానీ వినేదెవరు?

ఆవిడ వైపు పొరపాట్లు లేవా అంటే ఉన్నాయి. మే నెలలో గ్విన్నెట్ డెమోక్రాట్ల విందులో మాట్లాడుతూ, వ్యాపారానికి నంబర్ వన్ రాష్ట్రం అని వినీ వినీ విసుగొచ్చింది, బతకడానికి మాత్రం దేశంలో ఇదే అధ్వాన్నం అన్నారు. ఆవిడ చెప్పదలచుకున్నది బాలింత మరణాలు, మానసిక ఆరోగ్య సేవలు, మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరించకపోవడం. మా అన్నయ్య కొడుకు లాంటివాడు విన్నది: "నేను ఇల్లు కొనుక్కున్న ఊరిని ఈవిడ తిట్టింది." అంతకు ముందు ఫిబ్రవరిలో మాస్కులు పెట్టుకున్న బడిపిల్లల మధ్య మాస్కు లేకుండా దిగిన ఫొటో ఒకటి. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ ప్రత్యర్థికి ప్రకటనలు ఊరికే దొరికాయి. వెనక వ్యక్తిగత అప్పుల గురించి 2018లో ఆవిడే బయటపెట్టి, పన్ను బకాయి ఉందని, కుటుంబాన్ని ఆదుకోవాల్సి వచ్చిందని రాసినప్పుడు జనం అర్థం చేసుకున్నారు. 2022కి పుస్తకాలు, ప్రసంగాలతో లక్షల డాలర్లు సంపాదించారన్నది ప్రచారాంశమైంది. మధ్య తరగతి పోలిక తెగిపోయింది.

డబ్బు కొరత ఏమీ లేదు. 10 కోట్ల డాలర్లకు పైగా సేకరించారు, కెంప్ కంటే ఎక్కువ. ఎన్నికయ్యాక ప్రచార సంస్థ వెండర్లకు పది లక్షల డాలర్ల పైనే బాకీ పడిందని వార్తలొచ్చాయి. బయటి రాష్ట్రాల అభిమానంతో వచ్చిన డబ్బు టీవీలో కనబడుతుంది గానీ, జార్జియాలోని డబ్లిన్, వాల్డోస్టా లాంటి చిన్న ఊళ్లలో ఒక్క ఓటరు మనసు మార్చదని అప్పుడు బాగా తెలిసింది.

ఫలితం చూడండి. కెంప్ 21,11,572, అబ్రమ్స్ 18,13,673. తేడా సుమారు 2 లక్షల 98 వేలు, ఏడున్నర శాతం. మొత్తం పోలైన ఓట్లు దాదాపు 2018 అంతే. అంటే ఆవిడకు లక్షా పదివేల ఓట్లు తగ్గాయి, ఆయనకు లక్షా ముప్పై వేలు పెరిగాయి. ఇక అసలు సాక్ష్యం అదే బ్యాలెట్‌లో ఉంది. అదే రోజు, అవే బూతుల్లో డెమోక్రాట్ సెనేటర్ వార్నాక్‌కు అబ్రమ్స్ కంటే లక్షా 32 వేలు ఎక్కువ పడ్డాయి. రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి హెర్షెల్ వాకర్‌కు కెంప్ కంటే 2 లక్షలకు పైగా తక్కువ పడ్డాయి. డిసెంబరు రనాఫ్‌లో వార్నాక్ గెలిచారు కూడా. ఓటు వేయనివ్వలేదు అన్న వాదన ఇక్కడ నిలబడదు, ఎందుకంటే ఒకే మనిషి ఒకే కాగితం మీద పైన వార్నాక్‌కు, కింద కెంప్‌కు వేసి వచ్చాడు. కొత్త ఓటర్లను తెచ్చే వ్యూహం జార్జియాను పోటీ రాష్ట్రంగా మార్చింది. కానీ చివరి రెండు మూడు శాతం ఆ అటూ ఇటూ ఊగేవాళ్ల దగ్గరే ఉంది. పాస్టర్ గొంతుతో, పక్కింటి మనిషిలా మాట్లాడిన వార్నాక్ వాళ్లను పట్టుకోగలిగారు. దేశస్థాయి ప్రతీకగా మారిన అబ్రమ్స్ పట్టుకోలేకపోయారు.

ఆవిడ జాతి, స్త్రీత్వం అడ్డు కాలేదా అని కొందరు అడుగుతారు. ఎందుకు కావు, ఓ పెద్ద పార్టీ తరఫున గవర్నర్ పదవికి నిలబడ్డ మొట్టమొదటి నల్లజాతి మహిళ ఆవిడ. గుమ్మాల దగ్గర నేను విన్న కొన్ని మాటలు ఇక్కడ రాయలేను. కానీ ఆ అడ్డు 2018లోనూ ఉంది, అప్పుడు 48.8 శాతం వచ్చాయి. రెండు ఎన్నికల మధ్య తేడాను అది ఒక్కటే వివరించదు.

ఒక చేదు తోక కూడా ఉంది. 2018లో న్యూ జార్జియా ప్రాజెక్ట్, దాని అనుబంధ సంస్థ చట్టప్రకారం నమోదు కాకుండా, ఖర్చులు వెల్లడించకుండా అబ్రమ్స్ తరఫున ప్రచారం చేశాయని రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ తేల్చింది. 2025 జనవరిలో ఆ సంస్థలు ఒప్పుకుని 3 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి అంగీకరించాయి. అబ్రమ్స్ 2017లోనే ఆ సంస్థ నుంచి తప్పుకున్నారు. అయినా ఎన్నికల నియమాల మీద యుద్ధం చేసిన శిబిరానికి ఇది తలవంపులే, మా వాళ్లు దీన్ని దాటవేయడం నాకు నచ్చదు.

చివరిగా మనవాళ్ల సంగతి. దక్షిణ ఫోర్సైత్, జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమ్మింగ్, డులూత్ వైపు తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కానీ జనాభా వేరు, ఓట్లు వేరు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకు ఓటు లేదు. ఓటున్న ఇంట్లో కూడా నేను చూసింది ఏమిటంటే, పెద్దవాళ్లు పన్నులు, స్కూళ్ల రేటింగు అడుగుతారు, పిల్లలు అబార్షన్ చట్టం, తుపాకులు అడుగుతారు. ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కెంప్ ఓటూ వార్నాక్ ఓటూ కలిసి భోంచేస్తాయి. ఫోర్సైత్ కౌంటీ ఇప్పటికీ రిపబ్లికన్లదే, కాకపోతే మునుపటంత ఏకపక్షంగా లేదు. 8,700 ఓట్ల దగ్గర రనాఫ్ తప్పిపోయిన రాష్ట్రంలో ఇలాంటి ఇళ్లను రెండు పార్టీలూ ఇప్పుడు వదలడం లేదు, దీపావళి మేళాల్లో అభ్యర్థులు చీరకట్టు ఆడవాళ్లతో సెల్ఫీలు దిగేది అందుకే.

మీ ఇంట్లో ఎవరికైనా ఈమధ్యే పౌరసత్వం వచ్చి ఉంటే, ముందు డ్రైవర్ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లి లైసెన్సులో పౌరసత్వం మార్పించుకోండి. ఆ తర్వాత లైసెన్సు మీద పేరు ఎలా ఉంటే అలాగే, ఖాళీలతో సహా, ఓటరు ఫారంలో రాయండి. రెండు వారాలయ్యాక సెక్రటరీ ఆఫ్ స్టేట్ వారి మై ఓటర్ పేజ్‌లో "యాక్టివ్" అని వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే కౌంటీ ఆఫీసుకు నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ తీసుకెళ్లండి, ఫోన్లో తేలదు.